సురభి కమలాబాయి

తుంగభద్రా తీరమున గల మంత్రాలయ క్షేత్రమునకు పూర్వము మంచాల యని పేరు. అచ్చట శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశము చేసిరి. వారు ప్రహ్లాదుని అవతారమని భక్తుల విశ్వాసము. కృతయుగమున ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన చోటు ఇదియేనని కూడ చెప్పుదురు. అందుచేత ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ప్రహ్లాదుని కథ తెలియని బాలుడుండడు. పత్తి వ్యాపారి బండ్లు తోలుకొని పోవుచును, సాలెవాడు మగ్గము ముందు కూర్చుండియు ఆ కథను తలచుకొనుట కలదు.

ఆ కథలో హిరణ్యకశిపుని గూర్చి అందరును మాటలాడుదురు. కంబము చీల్చుకొని వెడలిన నరసింహుని గూర్చియు మాటలాడుదురు. ప్రహ్లాదుని తల్లి లీలావతిని తలచువారు తక్కువ. భర్త కొడుకును చంపబూనెను. కొడుకు తండ్రి మాట వినడు. ఇరువురి నడుమ నిలిచి ఏ పక్షమును విడువలేక కన్నీరు కార్చిన ఇల్లాలు ఆమె. తెలుగు భాష వెండితెర మీద మొట్టమొదటిసారి వినబడినప్పుడు చెప్పబడిన కథయు ప్రహ్లాదునిదే. ఆ చిత్రములో లీలావతియై పాడి, పలికి, దుఃఖించిన యువతి సురభి కమలాబాయి. తెలుగు మాటలాడు చిత్రములకు ఆమెయే తొలి నాయిక.

ఆమె పేరునకు ముందున్న సురభి యను మాట ఇంటిపేరు కాదు. అది కడప జిల్లాలోని ఒక పల్లె పేరు. మహారాష్ట్ర దేశము నుండి చాలకాలము క్రిందట తరలివచ్చి రాయలసీమలో స్థిరపడిన కొన్ని కుటుంబములు తోలుబొమ్మలాటతో జీవించుచుండెడివి. పల్లెపల్లెకు తిరిగి, రాత్రి తెర కట్టి, దీపము వెనుక బొమ్మలనాడించి, రామాయణ భారత కథలను గానము చేయుట వారి వృత్తి. 1885లో సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలగువారు బొమ్మలను ప్రక్కనబెట్టి, తామే వేషములు ధరించి ‘కీచకవధ’ నాటకమును ప్రదర్శించిరి. జనులు మెచ్చుకొనిరి. నాటినుండి ఆ కుటుంబములకు నాటకమే బ్రతుకయ్యెను. పల్లె పేరు సమాజము పేరయ్యెను. సమాజము పేరు మనుష్యుల పేర్లకు ముందు చేరెను.

సురభివారి సమాజము తక్కిన నాటక సమాజముల వంటిది కాదు. అది ఒక పెద్ద కుటుంబము. తాత రాజవేషము ధరించును, మనుమడు కుశుడగును, కోడలు సీతయగును, అల్లుడు హార్మోనియము వాయించును. వేషము లేనివాడు తెర లాగును, లేదా దీపములు సరిచేయును. ఒక ఊరిలో కొన్ని వారములో నెలలో ఆడి, జనము పలుచబడగానే తెరలు, కిరీటములు, వంటపాత్రలు బండ్లకెత్తుకొని వేరొక ఊరికి పోవుదురు. పిల్లలు బండ్లలో పెరుగుదురు. వారికి బడి యనునది లేదు, రంగమే బడి. నిద్రపోవుచున్న పసివానిని లేపి, నామము పెట్టి, కృష్ణుని చేసి రంగము మీద నిలుపుట సామాన్యము.

సురభివారి వింతలు లోకమున ప్రసిద్ధములు. నారదుడు మేఘముల నుండి దిగివచ్చును. ఇరువురు వీరులు విడిచిన బాణములు నడిమింట ఢీకొని నిప్పులు రాల్చును. ఘటోత్కచుని మాయలు కన్నులయెదుట జరుగును. ఇవన్నియు సన్నని తీగలు, కప్పీలు, రంగులద్దిన తెరలు, వెలుగునీడల నేర్పు. ఆ తీగను ఏ క్షణమున లాగవలెనో చిన్నపిల్లలు సైతము ఎరుగుదురు. ఒక్క క్షణము తప్పిన ప్రేక్షకులు నవ్వుదురు. మరునాడు టిక్కెట్లు అమ్ముడుపోవు. కుటుంబమంతయు పస్తుండవలసి వచ్చును. కాబట్టి ఆటయైనను అది వారికి ఆట కాదు.

అట్టి సమాజములో 1907లో కమలాబాయి జన్మించెను. ఆమె పుట్టుకను గూర్చి ఒక వృత్తాంతము ప్రచారములో నున్నది. నలదమయంతుల కథ ప్రదర్శించుచుండిరి. నిండు గర్భిణియగు ఆమె తల్లి దమయంతి వేషము ధరించి యుండెను. అడవిలో భర్తచే విడువబడి విలపించుట దమయంతి పాత్ర కదా! నాటకము నడుచుచుండగనే తల్లికి నొప్పులు వచ్చి, రంగము మీదనే శిశువు జన్మించెను. చూచువారు మొదట అదియు నాటకములోని భాగమేయని భావించిరట. నిజము తెలిసిన పిమ్మట సంతోషించి పూవులు, డబ్బులు రంగము మీదికి చల్లిరట. ఇట్టి కథలు నోటినుండి నోటికి పోవునప్పుడు కొంత పెరుగుట సహజము. అయినను ఒకటి మాత్రము ఆలోచింపదగినది. నిండు నెలలు మోయుచున్న స్త్రీ ఆ రాత్రి ఏల వేషము కట్టవలసి వచ్చెను? ఆమెకు బదులుగా నిలుచువారు లేకపోయి యుందురు. ఆట నిలిచినచో ఆదాయము నిలుచును. పూవులు చల్లిన ప్రేక్షకులకు ఆ సంగతి తోచియుండదు.

కమలాబాయి బాల్యముననే వేషములు ధరింపసాగెను. కృష్ణుడు, లవుడు, ప్రహ్లాదుడు మున్నగు బాలపాత్రలు ఆమెవి. ఏనుగుల క్రింద త్రోయబడియు, కొండలపై నుండి పడద్రోయబడియు హరినామము విడువని ప్రహ్లాదుడుగా ఆమె ఎన్ని ఊళ్లలో నిలిచెనో! ఆ వేషములో ఆమె యెదుట లీలావతియై ఏడ్చిన నటి ఎవరైనను, ఆమె ఏడుపును ఈ బాలిక చెవులారా విని యుండును. కొన్ని సంవత్సరములకు తానే ఆ స్థానమున నిలువవలసి వచ్చునని ఆ పసిదానికి తెలియదు.

ఆ రోజులలో ధ్వనివర్ధకములు లేవు. పందిటిలో చివర కూర్చున్న వానికిని పద్యము స్పష్టముగా వినబడవలెను. పద్యపాదము చివర రాగము తీయునప్పుడు ఊపిరి నిలుపుకొనవలెను. జనులకు నచ్చినచో ‘ఒన్స్ మోర్’ అని కేకలు వేయుదురు. అపుడు చచ్చిపడియున్న పాత్రయైనను లేచి మరల పాడవలసినదే. ఇట్టి పరిశ్రమలో కమలాబాయి గొంతు రాటుదేలెను. యుక్తవయస్సు రాగానే ఆమెకు నాయిక పాత్రలు లభించెను.

ఇచ్చట ఒక విషయము వివరింపవలసి యున్నది. ఆ కాలమున తెలుగుదేశములో తక్కిన నాటక సమాజములందు స్త్రీవేషములను పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి స్త్రీలే ఆశ్చర్యపడిరి. అది గొప్ప విద్యయే, సందేహము లేదు. కాని దానికి వెనుకనున్న కారణము మాత్రము గొప్పది కాదు. రంగమెక్కిన స్త్రీకి సంఘములో మర్యాద లేకుండుట చేతనే పురుషుడు చీర కట్టవలసి వచ్చెను. రాత్రి సీతాదేవిగా ఆమెకు చేతులెత్తి మ్రొక్కినవాడే, ఉదయము ఆమె వీధిలో పోవుచుండగా మొగము త్రిప్పుకొనును. సురభివారు మాత్రము తొలినుండియు తమ యింటి స్త్రీల చేతనే స్త్రీపాత్రలు ధరింపజేసిరి. భర్త, మామ, తోబుట్టువులు అదే రంగము మీద నుండుటచే వారికి అందులో సంకోచము కలుగలేదు. లోకుల మాటలను వారు లక్ష్యపెట్టియుండరని కాదు. ఊరూర తిరుగువారికి ఏ యూరి నింద యైనను ఆ యూరితోనే ఆగిపోవును.

ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడే అది కర్నూలు జిల్లాలో చేరెను. తెలుగు నాటకమునకు బళ్లారి పుట్టినిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు అచ్చట న్యాయవాదిగా నుండి, సరసవినోదినీ సభను స్థాపించి, అనేక నాటకములు వ్రాసి ఆడించి, ఆంధ్రనాటక పితామహులని పేరొందిరి. తెలుగు నాటకములో పాటలు, పద్యములు రాగయుక్తముగా పాడు పద్ధతికి వారు ప్రాచుర్యము కలిగించిరి. వారి మేనల్లుడే బళ్లారి రాఘవ. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుబట్టి, చదువుకొన్న స్త్రీలను రంగము మీదికి ఆహ్వానించిరి. ధర్మవరంవారి నాటకములలో ‘భక్త ప్రహ్లాద’ యొకటి. సురభివారు దానిని తెలుగునాట అంతటను ఆడి జనరంజకము చేసిరి. బళ్లారిలో పుట్టిన నాటకము, కడపలో పుట్టిన సమాజము, రెండును కలిసి బొంబాయి దారి పట్టుటకు కాలము సమీపించెను.

అంతవరకు సినిమా మూగది. 1921 ప్రాంతమున రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ మద్రాసులో ‘భీష్మప్రతిజ్ఞ’ యను మూకీ చిత్రము తీసెను. అందులో గంగాదేవి వేషము ధరించుటకు ఒక తెలుగు స్త్రీ ముందుకు రాలేదు. పెగ్గీ కాస్టెలో యను తెల్లజాతి యువతి గంగాదేవి యయ్యెను. మాట లేని చిత్రము కాబట్టి ఆమెకు తెలుగు రాకపోయినను చెల్లెను. బొంబాయిలోను అట్లే ఆంగ్లో ఇండియను, యూదు యువతులు హిందూ నాయికలుగా వెలిగిరి. రూబీ మయర్సు అను ఆమె సులోచన యను పేరుతో దేశమంతయు కీర్తి గడించెను.

1927 అక్టోబరులో అమెరికా దేశమున ‘ది జాజ్ సింగర్’ అను చిత్రము వెలువడి సినిమాకు నోరు వచ్చెను. దానితో హాలీవుడ్‌లో పెద్ద తారలకు గుండెదడ కలిగెను. కంటిచూపుతో, చేతిసైగతో లోకమును గెలిచినవారిని ఇప్పుడు గొంతు అడుగసాగిరి. ఉచ్చారణ బాగులేనివారు, కంఠము కర్కశముగా నున్నవారు క్రమముగా మరుగుపడిరి. నాటకశాలల నుండి వచ్చినవారికి తలుపులు తెరువబడెను. మన దేశమునను ఇదే జరిగెను. హిందూస్తానీ బాగుగా రాని సులోచన కొంతకాలము చిత్రములు మాని భాష నేర్చుకొనవలసి వచ్చెను. అందమునకు బదులు భాషయు, పాటయు ముఖ్యములైనపుడు తెలుగువారికి ఆ రెండును తెలిసిన స్త్రీలు ఎచ్చట దొరుకుదురు? చదువుకొన్న కుటుంబముల స్త్రీలు ఇల్లు వెడలి రారు. పురుషుడు చీర కట్టిన వేషము దీపము వెలుతురులో దూరమునుండి చెల్లును గాని, మొగమును గోడంత చేసి చూపు తెరమీద చెల్లదు. మిగిలినది సురభి సమాజము.

అర్దేషిర్ ఇరానీ బొంబాయిలో తీసిన ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న విడుదలయ్యెను. భారతదేశమున మాటలాడిన మొదటి చిత్రమది. తరువాత ఇరానీ దక్షిణాది భాషల వైపు చూచెను. ఆయనవద్ద పనిచేయుచున్న హెచ్. ఎం. రెడ్డి ‘కాళిదాస్’ అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. అది 1931 అక్టోబరులో మద్రాసులో విడుదలయ్యెను. అందులో నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున మాటలాడగా, నాయకుడు తెలుగున బదులు పలికెను. ఒకరు ఒక భాషలో ప్రశ్నింప, వేరొకరు వేరొక భాషలో ఉత్తరమిచ్చుట నేడు నవ్వు పుట్టించును. కాని నాడు బొమ్మ మాటలాడుటయే చాలును, ఏ భాషయైన నేమి యని జనులు చూచిరి. ఇక పూర్తిగా తెలుగున ఒక చిత్రము తీయవలెనని హెచ్. ఎం. రెడ్డి సంకల్పించెను. క్రొత్తగా కథ వ్రాయించి, నటులకు వల్లె వేయించుటకు వ్యవధి లేదు. జనులకు పరిచితమై, నటులకు కంఠస్థమైన నాటకము కావలెను. ధర్మవరంవారి ‘భక్త ప్రహ్లాద’ను ఎన్నుకొనెను.

మద్రాసు నుండి కడప, గుంతకల్లు, ఆదోనుల మీదుగా పోయి, తుంగభద్రను దాటి, రాయచూరు మార్గమున బొంబాయి చేరు రైలుదారి నేటికిని కలదు. రాయలసీమ నుండి బొంబాయికి అదియే రాజమార్గము. నాటకమాడుటకు ఊరూర తిరిగిన నటీనటులకు ప్రయాణములు క్రొత్తవి కావు. అయినను ఈ ప్రయాణము వేరు. ఇంతకు మునుపు వారు పోయిన చోటికెల్ల తెరలను, దీపములను, ప్రేక్షకులను గూడ తామే కూడబెట్టుకొనుచుండిరి. ఇప్పుడు తెర వేరొకరిది; ప్రేక్షకుడు అసలే లేడు.

చిత్రములో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అను బాలుడు. చండామార్కుల బడిలో చదువురాని మొద్దబ్బాయిగా ఎల్. వి. ప్రసాదు నటించెను. ఈయనయే తరువాతి కాలమున గొప్ప దర్శకుడై, 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందెను. లీలావతి కమలాబాయి. అప్పటికి ఆమెకు ఇరువదినాలుగేండ్లు. నాటక పద్యములకు తోడు, జక్కేపల్లి వాస్తవ్యులగు చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసి యిచ్చిరి. లీలావతి దుఃఖమును తెలుపు పాట వారిదే. తెలుగు సినిమా పాటయని మనము నేడు చెప్పుకొనుదానికి అక్కడనే శ్రీకారము.

ఆ చిత్రము తీసిన విధమును తెలిసికొన్నచో కమలాబాయి చేసిన పని యెట్టిదో బోధపడును. నేడు పాటను ముందే వేరొకరు పాడి ఉంచుదురు. నటి పెదవులు కదిపిన చాలును. నాడు ఆ సౌకర్యము లేదు. నటించువారే పాడవలెను, పాడుచున్నపుడే బొమ్మయు, ధ్వనియు ఒక్కమారుగా ఫిల్మునకెక్కవలెను. హార్మోనియము, తబలా వాయించువారు కెమెరా కంటికి కనబడని చోట నక్కి కూర్చుండవలెను. మైకును ఏ చెట్టుకొమ్మ చాటుననో, స్తంభము వెనుకనో దాచుదురు. ఆ మైకునకు దూరమైన మాట వినబడదు; మరీ దగ్గరయైన మ్రోగిపోవును. అటునిటు నడువరాదు. ‘ఆలం ఆరా’ తీసిన స్టూడియో ప్రక్కనే రైలుపట్టాలుండుటచే, బండ్లు నిలిచిపోయిన అర్ధరాత్రి వేళనే చిత్రము తీయవలసి వచ్చెనట. చరణము చివర ఒక్క అక్షరము జారినను, బయట కాకి అరచినను, మొదటినుండి మరల తీయవలసినదే. ఫిల్ము ఖరీదైనది. యజమాని లెక్కించుచునే యుండును.

రంగము మీద పెరిగిన నటికి ఇందులో రెండు కష్టములు. మొదటిది గొంతు. చివరి వరుస వానికి వినిపింపవలెనను అలవాటుతో పాడినచో ఆ యంత్రము భరింపలేదు. ఇన్నేండ్లు పెంచిన కంఠమును ఇప్పుడు తగ్గింపవలెను. రెండవది మౌనము. పద్యము ముగిసినపుడు చప్పట్లు లేవు, ‘ఒన్స్ మోర్’ లేదు. తాను ఏడ్చినపుడు యెదుట ఏడ్చువారు లేరు. గాజుకన్ను గల పెట్టె యొకటి మాత్రము చూచుచుండును. ఆ పెట్టె వెనుక ఎన్నడో, ఎచ్చటనో కూర్చుండబోవు వేలమంది కొరకు ఆమె కొడుకును కౌగిలించుకొని విలపింపవలెను. నాటకరంగమున గొప్పపేరు గడించిన నటులు ఎందరో ఈ పెట్టె ముందు నిలిచి బిగుసుకొని పోయిరి. కమలాబాయి నిలిచెను. సుమారు ఇరువది దినములలోనే చిత్రము ముగిసెను. నటులందరికిని నాటకము నోటికి వచ్చియుండుటయే ఇంత వేగమునకు కారణము.

‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చాలకాలము పుస్తకములలో వ్రాసిరి. ఒకరు వ్రాసిన దానిని చూచి వేరొకరు వ్రాసిరే గాని, నాటి పత్రికలను తిరుగవేసి చూచినవారు లేరు. ఇటీవలి పరిశోధకులు ఆ శ్రమ తీసికొని, చిత్రము 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలుత ప్రదర్శింపబడెనని నిరూపించిరి. తేదీ మారినను తొలి నాయిక మారలేదు.

చిత్రము తెలుగు పట్టణములకు వచ్చినపుడు జనులు తండోపతండములుగా పోయిరి. బొమ్మ తెలుగు మాటలాడుచున్నదను వార్తయే చాలెను. బొంబాయి కంపెనీలకు ఉత్సాహము హెచ్చెను. ఆ 1932లోనే సాగర్ కంపెనీ, సర్వోత్తమ బాదామి దర్శకత్వమున, ‘పాదుకా పట్టాభిషేకము’, ‘శకుంతల’ చిత్రములను నిర్మించెను. మొదటి దానిలో కమలాబాయి సీత. రెండవ దానిలో శకుంతల. దుష్యంతుడు యడవల్లి సూర్యనారాయణ. ఒక్క సంవత్సరములో లీలావతి, సీత, శకుంతల! తెలుగు తెరకు నాయిక యన్నచో ఆమెయే యను కాలమది.

అటు పిమ్మట కొన్ని సంవత్సరములు ఆమె బొంబాయిలోనే నివసించి హిందీ చిత్రములందును నటించెను. ఈలోగా తెలుగు చిత్రపరిశ్రమ ఆమె కొరకు ఆగలేదు. 1934 నుండి మద్రాసులో మాటల చిత్రములు తీయసాగిరి. క్రొత్త నాయికలు వచ్చిరి. కన్నాంబ వచ్చెను, కాంచనమాల వచ్చెను, పిమ్మట భానుమతి వచ్చెను. ఒకప్పుడు తెలుగు స్త్రీ ఒక్కతెయైన దొరకని పరిశ్రమకు ఇప్పుడు వెదుకుకొన నవసరము లేకపోయెను. దారి వేసిన వారిని దారిని నడుచువారు తలచుట యరుదు.

హాలీవుడ్‌లో లిలియన్ గిష్ అను నటి యుండెను. ఆమె 1893లో జన్మించెను. కడుపు కొరకు పసితనముననే నాటక సమాజములతో ఊరూర తిరిగి వేషములు వేసిన బాలిక ఆమెయు. మూకీచిత్రముల కాలమున ఆమెను మించిన నటి లేదనిరి. ‘వే డౌన్ ఈస్ట్’ అను చిత్రములో గడ్డకట్టిన నదిలో తేలిపోవు మంచుపలక మీద పరుండి, చేయిని, జుట్టును మంచునీటిలో వ్రేలవేసి నటించెను. మాటల చిత్రములు రాగానే స్టూడియోలకు ఆమె అక్కర తగ్గెను. ఆమె మరల నాటకరంగమునకు పోయి, పెద్దవయస్సున తల్లిగా, ముదుసలిగా తెరకు తిరిగి వచ్చెను. 1971లో అమెరికా సినిమా అకాడమీ ఆమెను గౌరవ ఆస్కారుతో సత్కరించెను. మాట వచ్చుట ఆమెకు కీడయ్యెను; అదే మాట కమలాబాయికి మేలయ్యెను. అయినను ఇరువురి జీవితములును చివరకు ఒక్క దారికే వచ్చినట్లు కనబడును. యౌవనమున నాయిక, నడివయస్సున తల్లి. సినిమా స్త్రీకి కేటాయించిన దారి అది. అదే వయస్సు గల పురుషుడు ఇంకను కథానాయకుడుగనే యుండును.

1951లో విజయా సంస్థవారు ‘పాతాళభైరవి’ని నిర్మించిరి. దర్శకుడు కె. వి. రెడ్డి తాడిపత్రివారు, ఆయనయు రాయలసీమ బిడ్డయే. తోటరాముడుగా నందమూరి తారకరామారావు, మాంత్రికుడుగా ఎస్. వి. రంగారావు. తోటరాముని తల్లిగా కమలాబాయి. అప్పటికి ఆమెకు నలుబదినాలుగేండ్లు. చిత్రము ఊరూర దినముల తరబడి ఆడెను. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. ఇరువదేండ్లలో సినిమా ఎంత మారినదో అందులో చూడవచ్చును. పాటలు వేరొకరు పాడుదురు. నటులు పెదవులు కదుపుదురు. మైకునకు భయపడి నిలుచుండ నవసరము లేదు. మాయలు, మంత్రములు, ఆకాశమున పోవు భవనములు అన్నియు కెమెరా చేయును. తీగలు లాగి నారదుని దింపిన సురభి బిడ్డకు ఆ మాయలను చూచినపుడు ఏమి తోచెనో!

ఆ చిత్రములో ఆమె పాత్ర పెద్దది కాదు. కొడుకు మొండివాడు, రాజకుమారిని కోరి ప్రాణము మీదికి తెచ్చుకొనువాడు. పేదరాలగు తల్లి అతనికి చెప్పును, కోపించును, భయపడును, దేవుని వేడుకొనును. మాట వినని కొడుకును, కొడుకును శిక్షింపగల రాజును నడుమ పెట్టుకొని తల్లడిల్లును. జాగ్రత్తగా చూచినచో ఈమె లీలావతియే. రాణివాసము నుండి తోటయింటికి వచ్చినది, అంతియే భేదము.

కమలాబాయి 1971లో మరణించెను. స్త్రీవేషధారులలో అగ్రగణ్యుడని కీర్తి పొందిన స్థానం నరసింహారావుగారును ఆ యేడే స్వర్గస్థులైరి. తరువాతి కాలమున సురభి నాటక సమాజములు ఒక్కొక్కటిగా తగ్గిపోయినను, కొన్ని కుటుంబములు నేటికిని తీగలు కట్టి, తెరలు వ్రేలాడదీసి ‘మాయాబజారు’ ఆడుచునే యున్నవి. 2013లో ఆ కుటుంబములకు చెందిన రేకందార్ నాగేశ్వరరావుగారిని భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను.

‘భక్త ప్రహ్లాద’ చిత్రపు ప్రతి నేడు ఎచ్చటను లభింపదు. ఆనాటి ఫిల్ము త్వరగా చెడునది, నిప్పునకు వెంటనే అంటుకొనునది. చిత్రము ఆడి ముగిసిన పిమ్మట దానిని భద్రపరచవలెనని ఎవరికిని తోచలేదు. నాటకమైన మరునాడు మరల ఆడవచ్చును. పోయిన ఫిల్మును మరల తేలేము. తెలుగు తెర మీద మొదట పలికిన స్త్రీ గొంతు, ఆ మొదటి పలుకులతో సహా, అట్లు పోయినది. కమలాబాయిని చూడదలచిన వారికి ‘పాతాళభైరవి’ మాత్రము మిగిలియున్నది. అందులో తోటరాముడు ఇల్లు విడిచి పోవుచుండగా గుమ్మములో నిలుచుండి చూచు తల్లి ఆమెయే.